చెన్నై ఉప్పుగాలిలో ఇత్తడి సామాను: తోమడం, ఆరబెట్టడం, కళాయి వేయించడం

చెన్నైలో తెలుగిళ్ల అటకల మీది ఇత్తడి సామాను కిందికి దిగేది నవరాత్రుల ముందు. అమ్మమ్మ బిందె, పెళ్లిలో పెట్టిన కుందులు, శ్రీకాకుళం నుంచి వచ్చిన బుడితి చెంబు, అజ్జరంలో కొన్న గంగాళం అన్నీ ఒకేసారి దొడ్లోకో బాల్కనీలోకో చేరతాయి. చింతపండు నానబెడతారు, చేతులు నొప్పి పుట్టేదాకా తోముతారు, కొలువు మెట్ల పక్కన బంగారంలా మెరిపిస్తారు. ఆ వెనకే ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. కార్తీక దీపాలు పెట్టే నాటికి అవే కుందులు మచ్చలు పడి కనిపిస్తాయి. అప్పుడు పొడి మంచిది కాదంటారు, ఇత్తడి కల్తీదంటారు, సముద్రపు గాలిని తిడతారు.

గాలి పాత్ర కొంత ఉన్న మాట నిజమే. కానీ ఎక్కువ ఇళ్లలో అసలు దోషం తోమిన తర్వాత జరిగే పనిలో ఉంది. సందుల్లో మిగిలిపోయిన పులుపు, తుడవకుండా వదిలేసిన తడి, ఈ రెండూ లోహాన్ని తింటాయి. తోమడానికి పట్టే శ్రమలో సగం కడగడానికి, ఆరబెట్టడానికి మళ్లిస్తే మెరుపు నిలుస్తుంది. కింద చెప్పే క్రమమంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందు చేతిలో ఉన్నది ఏమిటో తేల్చుకోండి

ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతం ఒకటి తెచ్చి ప్రతి వస్తువుకూ తగిలించి చూడండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత మాత్రమే. అలాంటిదాన్ని పులుపులో నానబెడితే పూత పోయి తుప్పు బయటపడుతుంది. తడిగుడ్డతో తుడిచి పక్కన పెట్టేయండి. అంటుకోకపోతే ఇత్తడో కంచో రాగో అయ్యే అవకాశం ఎక్కువ. రాగి రంగు చూస్తేనే తెలుస్తుంది. ఇత్తడి రాగి, జింకుల కలయిక. కంచు రాగి, తగరాల కలయిక. వేలి గోటితో అంచు మీద కొడితే కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి త్వరగా ఆగిపోతుంది. కంచు పళ్లేన్నీ ఇత్తడి లాగే శుభ్రం చేయవచ్చు కానీ అది పెళుసు, చేయి జారితే పగులుతుంది.

దుకాణం నుంచి కొత్తగా తెచ్చిన దీపపు స్తంభాలు, అలంకరణ బొమ్మలు చాలావాటికి పైన పారదర్శకమైన వార్నిష్ ఉంటుంది. అది ఉన్నంత వరకు ఎంత నిమ్మకాయ రుద్దినా ఏమీ జరగదు. కొన్నేళ్లకు వార్నిష్ అక్కడక్కడ లేచిపోయి, లేచిన చోట నల్లగా, మిగతా చోట పసుపుగా చారలు కడుతుంది. ముందు దాన్ని తీయాలి. గోళ్ల రంగు చెరిపే అసిటోన్‌ను దూదితో అద్ది రుద్దితే కరిగి వచ్చేస్తుంది. కిటికీ తెరిచి, దగ్గరలో దీపం గానీ పొయ్యి గానీ వెలగకుండా చూసుకుని చేయండి, అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. మరో దారి, చాకలి సోడా కలిపిన నీటిలో మరిగించడం. పొర ఊడి తేలుతుంది. అయితే అడుగు తిప్పి చూశాకే మరిగించండి. కొన్ని విగ్రహాల్లో, దీపాల అడుగుల్లో బరువు కోసం మైనమో లక్కో పోస్తారు. వేడికి అది కరిగి కారితే మళ్లీ పోయించడం పెద్ద తలనొప్పి.

ఒక్క రకం వస్తువులను మాత్రం అసలు తోమకండి. తరాల నాటి విగ్రహం మీద సమానంగా పరుచుకున్న గోధుమ రంగు పొర మకిలి కాదు, లోహానికి అది తొడుగు. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని కంచు గ్యాలరీకి వెళ్లి చూడండి, అక్కడి నటరాజ విగ్రహాలను ఎవరూ పీతాంబరి పొడితో మెరిపించలేదు. అలాంటి వాటిని మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము దులిపితే చాలు. కాకపోతే లేత ఆకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా మళ్లీ మళ్లీ పుట్టుకొస్తుంటే అది వేరే సంగతి. ఉప్పు లోహంలోకి దిగిందని అర్థం, తెలిసినవారికి చూపించాలి.

జిడ్డు పోనిదే పులుపు పనిచేయదు

నూనె దీపాల విషయంలో చాలామంది తడబడేది ఇక్కడే. నువ్వుల నూనె వేడికి, గాలికి గట్టిపడి గోధుమరంగు పొరగా మారుతుంది. దాని మీద చింతపండు వేస్తే పులుపు లోహాన్ని తాకనే తాకదు. తాకని చోట మెరవదు, మెరవలేదని ఇంకా గట్టిగా రుద్దుతారు, గీతలు పడతాయి.

కుందిని ముందు విడదీయండి. నాచియార్‌కోయిల్ దీపాల లాంటివి అడుగు, స్తంభం, నూనె పళ్లెం, పైన హంస ఇలా భాగాలు భాగాలుగా మరలతో బిగించి ఉంటాయి. మర పట్టేసి తిరగకపోతే పట్టకారు జోలికి పోకండి. బిగుసుకున్న చోట వేడినీళ్లు పోసి, కాస్త కొబ్బరినూనె వేసి ఓ గంట వదిలి, రెండు చేతులకూ రబ్బరు తొడుగులు వేసుకుని తిప్పితే వస్తుంది.

ప్లాస్టిక్ బకెట్లో వేడినీళ్లు పోసి, లీటరుకు ఒక పెద్ద చెంచా చాకలి సోడా, కొన్ని చుక్కలు అంట్లు తోమే ద్రవం కలపండి. అల్యూమినియం గిన్నె వాడకండి, సోడా దాన్ని తినేస్తుంది. భాగాలన్నీ అరగంట నానాక, వత్తి ఉండే చోట పేరుకున్న మసిని కొబ్బరి ఈనెతో గోకండి. ఈనె ఇత్తడి కన్నా మెత్తన, గీత పడదు. హంస రెక్కల గాట్లలో పాత పళ్ల బ్రష్షు తిరుగుతుంది. మర గాట్లలో నల్లటి జిగురు కనిపిస్తే గుడ్డపీలికను గాటు వెంట చుట్టి అటూ ఇటూ లాగండి. నీళ్లు పోస్తే లోహం మీద బిందువులుగా విడిపోకుండా ఒకే పొరగా జారిపోతే జిడ్డు పోయినట్లు. బిందువులు నిలిస్తే మళ్లీ సోడా నీళ్లలోకి.

బూడిద, సీకాయ పొడి, కుంకుడు రసం వాడేవారు చేసేదీ ఇదే పని. బూడిదలో క్షారం ఉంటుంది, అది జిడ్డును కోస్తుంది. ఇటుక పొడి మాత్రం వదిలేయండి. అది మురికిని కాదు, లోహాన్నే అరగదీస్తుంది. పూర్ణకుంభం మీది నగిషీ మన తాతలనాటి ఇళ్లలో చదునైపోవడానికి ఇటుక పొడికి మించిన కారణం నాకు కనిపించదు.

పులుపు: ఎంత, ఎంతసేపు

చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, పుల్ల మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. మూడూ చేసేది ఒకటే, నలుపుగా పట్టిన రాగి ఆక్సైడును కరిగించడం. కాబట్టి ఏది మంచిదన్న వాదన అనవసరం. ఒకటో రెండో వస్తువులైతే చింతపండు గుజ్జు హాయి, చేతికి పట్టు దొరుకుతుంది. అటక మొత్తం దించితే మాత్రం కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం పలుకులు, వంట ఉప్పు కాదు) వాడండి. పీచు, పిప్పి మరల్లో ఇరుక్కోవు, కొలత కుదురుతుంది, కడిగితే పూర్తిగా పోతుంది.

లీటరు గోరువెచ్చని నీటికి ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు. ప్లాస్టిక్ టబ్బులోనే కలపండి. వస్తువు పూర్తిగా మునగాలి. సగం మునిగితే నీటిమట్టం దగ్గర గీత పడి అది తర్వాత ఎంతకీ పోదు. ఐదు నిమిషాలకు తీసి చూడండి, చాలకపోతే ఇంకో ఐదు. రాత్రంతా నానబెట్టడం మాత్రం వద్దే వద్దు. పులుపు ఆక్సైడుతో ఆగదు, ఇత్తడిలోని జింకును ముందుగా లాగేస్తుంది. అప్పుడు పైన రాగి మిగిలి, బిందె మీద గులాబీ రంగు మచ్చలు కనిపిస్తాయి. అవి వచ్చాయని మళ్లీ పులుపులో వేస్తే మచ్చ ఇంకా పెరుగుతుంది. మెత్తటి పాలిష్ పొడితో రుద్దితేనే అవి పోతాయి. బాత్రూము కడిగే ఆసిడ్ పోస్తే నిమిషాల్లో తెల్లగా మెరుస్తుందని చెప్పేవారు ఉన్నారు. ఆ తెలుపు వెనక వచ్చేది ఈ గులాబీ మచ్చే, ఇంకా లోతుగా.

గులాబీ రంగుకు మరో కారణం ఎవరూ ఊహించనిది. టబ్బులో ఇనుప మేకో స్టీలు పీచు ముక్కో పడి ఉంటే, నీటిలో కరిగిన రాగి తిరిగి ఇత్తడి మీద పొరగా కూర్చుంటుంది. అందుకే ఇనుము తగలనివ్వకండి. నీరు నీలం-ఆకుపచ్చ రంగుకు తిరిగిందంటే దానిలో రాగి నిండినట్లే. పారబోసి కొత్తది కలపండి. మొక్కల కుండీల్లో మాత్రం పోయకండి.

ఇక ఉప్పు. చింతపండులో ఉప్పు కలిపితే త్వరగా తేరుతుందని అందరికీ తెలుసు, నిజంగానే తేరుతుంది. కానీ ఉప్పులోని క్లోరైడు చిన్న సందులో మిగిలినా తర్వాత పచ్చటి చిలుము అక్కడి నుంచే మొదలవుతుంది. గాలిలోనే ఉప్పు ఉన్న బెసెంట్ నగర్, తిరువాన్మియూరు ఇళ్లలో చేతులారా ఇంకా ఉప్పు పూయడం ఎందుకు? నునుపైన పళ్లేనికి వాడితే వాడండి. మర చెంబుకు, గంటకు, నగిషీ ఉన్నదానికి వద్దు.

నానిన తర్వాత పీతాంబరి లాంటి పొడి కొంచెం, తడిగుడ్డ మీద. వస్తువు పొడవు ఎటు ఉంటే అటే రుద్దండి. గుండ్రంగా రుద్దితే వెలుతురులో వలయాలు కనిపిస్తాయి. ఆకుపచ్చ రంగు స్క్రబ్బర్, స్టీలు పీచు రెండూ వంటింటి స్టీలు గిన్నెలకే ఉంచుకోండి.

తోమిన తర్వాతి గంట

చెన్నైలో చాలా ఇళ్లలో కడిగేది బోరు నీళ్లతో. ఆ నీళ్లు ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి, ఆ మచ్చల కింద తేమ నిలుస్తుంది. అందుకని ఈ వరుస పాటించండి. ముందు ధారగా కుళాయి నీళ్లు, వస్తువును నాలుగు వైపులా తిప్పుతూ. తర్వాత అర బకెట్ నీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి అందులో ముంచండి. సందుల్లో దాగిన పులుపు ఇక్కడ విరుగుతుంది. నగిషీ గాట్ల నుంచి సన్నటి బుడగలు పైకి వస్తే పులుపు ఇంకా మిగిలి ఉందని అర్థం, అవి ఆగేదాకా ఉంచండి. మళ్లీ కుళాయి కింద కడగండి. చివరగా తాగే ఆర్‌వో నీళ్లు ఒక చెంబెడు పైనుంచి పోయండి. దీన్ని వృథా అనుకోవద్దు, మచ్చలు పడకుండా చూసేది ఆ చెంబెడు నీళ్లే.

వెంటనే తుడవాలి. తనంత తానే ఆరుతుందిలే అని గచ్చు మీద బోర్లించి వెళ్లిపోతే అంచు గచ్చును తాకే చోట తడి చిక్కుకుని గంటలోనే నల్లటి వలయం పడుతుంది. పాత నూలు చీర ముక్కలు రెండు పెట్టుకోండి, ఒకటి తడి పీల్చడానికి, ఒకటి ఆఖరి తుడుపుకు. మరల్లో, గంట లోపలి నాలుక కొక్కెంలో, పంచపాత్ర అంచు మడతలో గుడ్డ చేరదు. అక్కడ జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి పట్టండి. అది లేకపోతే ఫ్యాను కింద, గోడకు ఆనించి ఏటవాలుగా, నోరు కిందికి ఉండేలా, కానీ అంచు దేనికీ తగలకుండా పెట్టండి. రెండు చెంచాలు అడ్డంగా పరిచి వాటి మీద బోర్లిస్తే సరిపోతుంది.

పూర్తిగా ఆరాక విభూతి. తమిళుల ఇళ్లలో వెండికీ ఇత్తడికీ ఆఖరున విభూతి రుద్దడం మామూలే, మనవాళ్లూ నేర్చుకున్నారు. మంచి అలవాటు. అది అతి మెత్తటి పొడి, మిగిలిన తేమనూ పీల్చుకుంటుంది. అంగడిలో దొరికే సువాసన కలిపినవి కాక మామూలుది తీసుకోండి. పొడిగుడ్డతో రుద్ది దులిపేయండి.

వంటకు వాడని వస్తువులకు, అంటే కొలువు బొమ్మలకు, గుమ్మం దగ్గరి ఉరుళి అనే వెడల్పాటి పాత్రకు, సన్నగా తేనెమైనం పూసి మెత్తటి గుడ్డతో తుడిస్తే వానాకాలం దాటుతుంది. దీపపు కుందికి వేరే పూత అక్కరలేదు, దాని నూనే దానికి కాపు. అటక మీదికి తిరిగి ఎక్కించేటప్పుడు వార్తాపత్రికలో చుట్టడం వద్దు, కాగితం తేమ పీల్చి లోహానికి ఒరుసుకుని ఉంటుంది. నూలు గుడ్డలో చుట్టి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు రెండు వేసి పెట్టండి.

అమ్మోనియా ఎందుకు వద్దు: తూటాలు చెప్పిన పాఠం

ఘాటైన వాసన వచ్చే ద్రవ పాలిష్‌లలో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది. అవి నిజంగానే త్వరగా మెరిపిస్తాయి. చదునైన తలుపు పిడికి సరే కానీ, కొట్టి సాగదీసి చేసిన బిందెకు, గంగాళానికి వాడకండి.

పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం మన దేశంలో ఒక వింత చూసింది. వానాకాలంలో పోరాటాలు తగ్గి, తూటాలను గుర్రపు శాలల్లో దాచేవారు. వానలు వెలిశాక తీసి చూస్తే ఇత్తడి తొడుగులు పగిలి ఉండేవి. కొట్టలేదు, వంచలేదు, వాటంతట అవే పగిలాయి. ఆ రుతువుల్లో కనిపించేది కనుక దాన్ని రుతువు పగులు అన్నారు. అసలు కారణం 1921లో గానీ తేలలేదు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ గాలితో కలిసి, చల్లగా సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువును ఆసరా చేసుకుని లోహాన్ని చీలుస్తుంది. తొడుగులకు వాడేది డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు ఉన్న ఇత్తడి. సుత్తితో కొట్టి, యంత్రం మీద తిప్పి చేసిన మన బిందెల్లోనూ అదే బిగువు ఉంటుంది. పాత బిందె మెడ దగ్గర నిలువుగా వెంట్రుకవాసి చీలిక కనిపిస్తే, దెబ్బ తగిలిందనే అనుకోనక్కరలేదు.

మన ఇళ్లలో అమ్మోనియా ఎక్కడి నుంచి వస్తుందంటారా? గృహప్రవేశానికి గోమూత్రం తెచ్చిన ఇత్తడి చెంబును అలాగే మూలన పెట్టి మరచిపోవడం ఒకటి. గాజు తలుపులు తుడిచే కొన్ని ద్రవాలతో ఇత్తడి పిడులనూ తుడవడం ఇంకొకటి. చెంబును అదే రోజు కడిగి ఆరబెట్టండి.

తూటాల నుంచే మరో పనికొచ్చే ఉపాయం ఉంది. అమెరికా లాంటి దేశాల్లో గురి పోటీల వాళ్లు కాల్చిన తొడుగులను శుభ్రం చేసి మళ్లీ నింపుకుంటారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరం, కాబట్టి ఆ పని మనది కాదు. కానీ వారు తొడుగులను తోమే తీరు గమనించదగ్గది. రుద్దితే గోడ మందం తగ్గుతుంది కనుక రుద్దరు. నిమ్మ ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి కడగడం ఒక పద్ధతి. తిరిగే డబ్బాలో ఎండిన మొక్కజొన్న కంకి పొడి గానీ అక్రోటు పెంకుల పొడి గానీ వేసి తిప్పడం ఇంకొక పద్ధతి. లోహం కన్నా మెత్తటి రవ్వలు మురికిని పట్టుకుపోతాయి, లోహం మిగులుతుంది.

గజ్జెలకు, చిన్న వస్తువులకు ఇదే సరైన దారి. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన నాటి నుంచి ఈ ఊళ్లో తెలుగిళ్ల బీరువాల్లో గజ్జెల జతలకు కొరత లేదు. తోలు పట్టీకి కుట్టిన గజ్జెలను నీళ్లలో ముంచితే తోలు బిగుసుకుంటుంది, గజ్జె లోపలి గుండు ఇనుపదైతే తుప్పు పట్టి మోత మొద్దుబారుతుంది. మూత ఉన్న డబ్బాలో సగానికి పొడి రంపపు పొట్టు పోసి, గజ్జెలు వేసి, పది నిమిషాలు అటూ ఇటూ ఊపండి. పొట్టు వడ్రంగి దగ్గర దొరుకుతుంది. టేకు పొట్టు వద్దు, దానిలో జిడ్డు ఉంటుంది. వరి ఊక కూడా వద్దు, దానిలోని ఇసుక లాంటి గట్టి పదార్థం గీతలు పెడుతుంది. ఊపాక ఒక్కొక్క గజ్జెనూ చీలిక కిందికి పెట్టి దులిపితే లోపలి పొట్టు రాలిపోతుంది. కొలువులో పెట్టే ఇత్తడి బుల్లి వంట సామానుకైతే కడిగిన తర్వాత ఆరబెట్టడానికీ ఈ పొట్టే వాడవచ్చు. నగల పనివారు చాలాకాలంగా చేస్తున్నది అదే.

కళాయి వేయించడం

తోమిన గిన్నెలో వండుకోవాలనుకుంటే ఇక్కడితో పని ముగియలేదు. కళాయి, అంటే లోపల తగరపు పూత, లేని ఇత్తడి గిన్నెలో పులుసు, చారు, పెరుగు, పులిహోర కలపడం వద్దు. పులుపు రాగిని, జింకును కూరలోకి కరిగిస్తుంది, వాంతులు పట్టుకుంటాయి. నీళ్లు కాచుకోవడానికి, బియ్యం కొలవడానికి సరే. లోపల తెల్లటి పూత మధ్య పసుపో ఎరుపో మచ్చలు మచ్చలుగా కనిపిస్తే కళాయి పోతోందని అర్థం.

చెన్నైలో కళాయి అని అడిగితే కొందరికి తెలియకపోవచ్చు. ఈయం పూసణుం అని అడగండి, ప్యారీస్ కార్నర్ వెనక పాత్రల వీధుల్లోనూ మైలాపూరు ఇత్తడి దుకాణాల్లోనూ ఎవరైనా దారి చెబుతారు. అడగవలసిన అసలు ప్రశ్న వేరే ఉంది, పూసేది ఏమిటి అన్నది. కావలసింది స్వచ్ఛమైన తగరం. వైర్లు అతికే టంకంలో సీసం కలిసి ఉండవచ్చు, అది చవక, ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది. పూసేశాక కంటితో చూసి తేడా పట్టడం కష్టం. కడ్డీని ముందే చూపించమనండి. తెల్ల కాగితం మీద గీస్తే సీసం పెన్సిలులా బూడిద రంగు గీత పెడుతుంది, తగరం అలా పెట్టదు. సన్నటి తగరం కడ్డీని చెవి దగ్గర వంచితే లోపల చిటపటలాడినట్లు చిన్న శబ్దం వస్తుంది. అనుమానం తీరకపోతే తగరం మీరే నమ్మకమైన చోట కొని ఇవ్వండి. ఎవరూ తప్పు పట్టరు.

పని జరిగేటప్పుడు నిలబడి చూడండి. గిన్నె లోపల ఇసుకతో, ఆసిడ్‌తో రుద్ది లోహం బయటపడేలా చేస్తారు. బొగ్గుల మీద, గాలి మరతో ఊదుతూ వేడి చేస్తారు. నవాసాగరం (అమ్మోనియం క్లోరైడు) పొడి చల్లగానే తెల్లటి పొగ గుప్పున లేస్తుంది. అక్కడ గాలి మీ వైపు రాకుండా నిలబడండి. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కనుక కడ్డీ కొస అలా తాకించగానే వెండి చుక్క జారుతుంది. దూది ఉండతో ఆ చుక్కను గిన్నె అడుగు నుంచి అంచు దాకా ఒక్క ఊపులో పరుస్తారు. పొగ ఘాటు అమ్మోనియాదే. మరి ఇత్తడికి అమ్మోనియా వద్దని ఇప్పుడే చెప్పారే అంటారేమో. ఆ వేడికి లోహంలోని బిగువు చాలావరకు సడలిపోతుంది, పొగ క్షణాల్లో పోతుంది, చివర నీళ్లలో ముంచి కడిగేస్తారు. నెలల తరబడి అంటిపెట్టుకుని ఉండే అమ్మోనియాతోనే చిక్కు.

ఈ పని ఇంట్లో చేసుకునే ప్రయత్నం చేయవద్దు. అపార్ట్‌మెంటు వంటింట్లో ఆ పొగ, ఆ వేడి కుదరవు. సొట్టలు ఉంటే కళాయికి ముందే తీయించండి, తర్వాత కొడితే పూత లేస్తుంది.

తెచ్చాక సబ్బుతో కడిగి, గంజి పోసి ఒకసారి మరిగించి పారబోయండి. తర్వాతి నుంచి కళాయి గిన్నెను ఉత్తదిగా పొయ్యి మీద పెట్టకండి. ముందు నీళ్లో పప్పో పోసి ఆ తర్వాతే మంట వెలిగించండి. ఈయచ్చొంబులో, అంటే తగరపు చెంబులో, చారు కాచే తమిళుల ఇళ్లలో ఈ జాగ్రత్త పిల్లలకు కూడా తెలుసు, ఉత్త చెంబు పొయ్యెక్కితే అడుగు కరిగి జారిపోతుంది. వేపుళ్లు, పోపులు వేరే మూకుడులో పెట్టుకోండి. గరిటె చెక్కదై ఉండాలి. తోమడానికి మెత్తటి కొబ్బరి పీచు, సబ్బు చాలు; బయటి వైపు చింతపండు పెట్టేటప్పుడు గిన్నెను బోర్లించి, రసం లోపలికి కారకుండా చూసుకోండి.